వదులయ్యే నట్టు, వదలని చుక్క

వార్షికోత్సవ సంచిక అంటే కథలు, కవితలు, పెద్దల సందేశాలు ఎలాగూ ఉంటాయి. అందుకని మేము ఈసారి నట్టూ బోల్టూ గురించి రాస్తున్నాం. నవ్వకండి. మన హాస్టల్లో ఒక్క రోజు చెవులు రిక్కించి వినండి. కటకటమనే ఫ్యాను, గలగలమనే సైకిల్ మడ్‌గార్డు, కుట్టుమిషను కింద ఊగే మోటారు, చెవి దగ్గర పుల్ల ఊడిపోయే కళ్లజోడు. వీటన్నిటి జబ్బూ ఒకటే. ఎక్కడో ఒక మర వదులైంది.

దీనికి మనందరికీ తెలిసిన వైద్యం ఒకటే, పానా పెట్టి ఇంకాస్త గట్టిగా బిగించడం. వారం తిరిగేసరికి మళ్లీ వదులు. మళ్లీ బిగింపు, ఈసారి ఇంకా గట్టిగా. చివరికి మరలు అరిగిపోయి నట్టు ఊరికే గిరగిరా తిరుగుతుంది, లేదా బోల్టు తల తెగి చేతిలోకి వస్తుంది. పది రూపాయల పని వంద రూపాయలవుతుంది. అసలు సంగతేమిటంటే, వదులైన నట్టుకి కావలసింది ఎక్కువ బలం కాదు. సరిగ్గా బిగించాక అది తిరగకుండా ఆగడం. ఆ పని ఒక్క చుక్క ద్రవం చేస్తుంది. దాన్ని థ్రెడ్ లాకర్ అంటారు. షాపులో మాత్రం ఎవరి సరుకైనా సరే ‘లాక్‌టైట్’ అని అడిగితేనే తెలుస్తుంది. అది ఎలా పనిచేస్తుందో, ఎక్కడ వాడాలో, ఎక్కడ అస్సలు వాడకూడదో చెప్పడమే మా ఉద్దేశం.

అసలు నట్టు ఎందుకు వదులవుతుంది?

బోల్టు మీద మర అంటే మరేమీ కాదు, కడ్డీ చుట్టూ చుట్టిన ఏటవాలు. మామూలు 6 మిల్లీమీటర్ల బోల్టుకి నట్టును ఒక చుట్టు తిప్పితే 1 మిల్లీమీటరు ముందుకెళ్తుంది. లెక్క వేస్తే ఆ ఏటవాలు మూడున్నర డిగ్రీలు మాత్రమే. అంత తక్కువ వాలు మీద ఇనుము ఇనుము మీద జారదు, రాపిడి పట్టి ఉంచుతుంది. కాబట్టి కదలని చోట బిగించిన నట్టు ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

కదిలే చోట సంగతి వేరు. రేవులో పడవ మీదికి వేసిన బల్లను తలుచుకోండి. దాని మీద కొబ్బరికాయల బస్తా పెడితే జారదు. ఇప్పుడు ఎవరో ఆ బల్లను అటూ ఇటూ, అంటే పక్కలకి, గబగబా ఊపారనుకోండి. బస్తా పక్కకి పోదు, మెల్లమెల్లగా కిందికి దిగుతుంది. పక్కకి జారుతున్న క్షణంలో రాపిడి పట్టు ఆ కదలికతోనే సరిపోతుంది, కిందికి జారకుండా ఆపేందుకు ఇక మిగలదు. బోల్టుకి అడ్డంగా వచ్చే అదురు కూడా నట్టును ఇలాగే వెనక్కి దింపుతుంది. జర్మనీకి చెందిన ఇంజనీరు గెర్‌హార్డ్ యుంకర్ ఒక యంత్రం కట్టి ఈ సంగతి చూపించి 1969లో వ్యాసం ప్రచురించాడు. బోల్టు పొడవునా లాగి వదిలే అదురు కంటే అడ్డంగా ఊపే అదురే నట్టుకి అసలు శత్రువని ఆయన తేల్చాడు. నేటికీ ఆ పరీక్షను ఆయన పేరుతోనే పిలుస్తారు.

మరి స్ప్రింగ్ వాషర్ వేస్తున్నాం కదా అంటారా? మేమూ అదే దిక్కనుకునేవాళ్లం. ఆ చీలిక వాషర్ బిగించేటప్పుడు స్ప్రింగులా ఉంటుంది. పూర్తిగా బిగించేసరికి చదునైపోయి మామూలు వాషరులా పడి ఉంటుంది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1990లో బోల్టుల గురించి వేసిన కరదీపికలో కూడా ఆ దశలో దాని పట్టు సున్నా అనే ఉంది. మన దగ్గర ప్రతి మెకానిక్కూ అలవాటు కొద్దీ వేస్తూనే ఉంటాడు. వేస్తే నష్టం లేదు, నమ్ముకుంటేనే చిక్కు.

ఇంకో మాట. నట్టు బోల్టు మీద ఎంత బిగుతుగా కూర్చున్నా వాటి మరలు అంతటా తాకవు. ఒక వైపు అంచులు ఒరుసుకుంటాయి, రెండో వైపు సన్నని ఖాళీ చుట్టలు చుట్టుకుంటూ పై నుంచి కింద దాకా ఉంటుంది. నట్టు ఆడటానికి చోటు అదే, నీరు దిగి తుప్పు పట్టే దారీ అదే. ఆ ఖాళీని నింపి లోపలే గట్టిపడే పదార్థం ఏదైనా ఉంటే రెండు పనులూ ఒకేసారి తీరతాయి.

గాలి ఆడితే ద్రవం, ఆడకపోతే రాయి

ఇక్కడే తమాషా ఉంది. మామూలు జిగురు గాలి తగిలితే ఆరుతుంది. రంగు, నెయిల్ పాలిష్, సైకిల్ ట్యూబుకి పూసే సొల్యూషన్ అన్నీ అంతే. మరలో ఉన్న సందులోకి గాలే వెళ్లదు, ఇక ఆరేదెలా? థ్రెడ్ లాకర్ స్వభావం పూర్తిగా తిరగబడింది. గాలిలో ఉన్నంతసేపూ నీళ్లలా ఉంటుంది. రెండు లోహపు ముఖాల మధ్య గాలి లేకుండా ఇరుక్కుంటే గట్టిపడుతుంది.

1940లలో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ప్రయోగశాలలో ఇలాంటి ద్రవం ఒకటి బయటపడింది. దాన్ని ద్రవంగా నిలబెట్టాలంటే అందులోకి ఎప్పుడూ గాలి బుడగలు పంపిస్తూనే ఉండాలి. పంపడం ఆపితే గడ్డ కట్టేది. మన రొయ్యల చెరువుకి ఏరేటర్ పెట్టినట్టే అనుకోండి, కరెంటు పోతే కథ ముగిసింది. అలాంటి సరుకును సీసాలో పోసి ఎవరు అమ్ముతారు? కంపెనీ దాన్ని పక్కన పెట్టేసింది.

ఆ కంపెనీలో పనిచేసే రాబర్ట్ క్రీబుల్ అనే రసాయన శాస్త్రవేత్త తండ్రి వెర్నన్ క్రీబుల్. హార్ట్‌ఫర్డ్ నగరంలోని ట్రినిటీ కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసరు. అరవై దాటిన వయసులో ఆయన ఈ చిక్కుముడి మీద కూర్చున్నాడు. గాలి బుడగలు అవసరం లేకుండానే సీసాలో నిలవ ఉండి, మరలోకి వెళ్లగానే గట్టిపడే మిశ్రమాన్ని 1953లో సాధించాడు. ‘లాక్‌టైట్’ అనే పేరు పెట్టింది ఆయన కోడలు నాన్సీ. 1956లో దాన్ని లోకానికి చూపించారు. ఆ కంపెనీని 1997లో జర్మనీకి చెందిన హెంకెల్ కొనుక్కుంది. మన దేశంలో చెన్నైకి చెందిన ఆనబాండ్ కూడా ఇదే రకం సరుకు తయారు చేస్తుంది.

కెమిస్ట్రీ చదివే తమ్ముళ్ల కోసం కాస్త లోపలికి వెళదాం, తక్కినవారు ఈ పేరా దాటేయవచ్చు. ఈ ద్రవంలో ఉండేవి మెథాక్రిలేట్ జాతి చిన్న అణువులు. ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని పొడవాటి గొలుసులుగా, ఆపై వలగా మారగలవు. మారడానికి మొదట ఒక ఫ్రీ రాడికల్ కావాలి. అందుకోసం ద్రవంలో కొద్దిగా పెరాక్సైడ్ కలిపి ఉంచుతారు. ఇనుము, రాగి అయాన్లు తగిలితే అది విరిగి రాడికల్స్ ఇస్తుంది. ఆక్సిజన్ చుట్టూ ఉంటే పుట్టిన రాడికల్‌ను పుట్టినట్టే మింగేస్తుంది, గొలుసు మొదలవదు. ఆక్సిజన్ లేని చోట, లోహం ఉన్న చోట గొలుసు పరుగెత్తుతుంది. పని చురుగ్గా సాగడానికి ఇందులో సాకరిన్ కూడా కలుపుతారు. షుగరు ఉన్నవాళ్లు కాఫీలో వేసుకునే ఆ తీపి సాకరినే! ఎమ్మెస్సీలో ఫ్రీ రాడికల్ పాలిమరైజేషన్ పాఠం చదివి పరీక్ష రాసి మరిచిపోయాం. సీసా చేతికొచ్చాకే ఆ పాఠం అర్థమైందని చెప్పాలి.

ఈ సంగతి తెలిస్తే సీసా మీద వచ్చే అనుమానాలన్నీ తీరతాయి. కొత్త సీసా సగం ఖాళీగా ఉంటుంది. షాపువాడు తక్కువ పోశాడని పోట్లాడకండి, ఆ ఖాళీలో ఉన్నది గాలి, అదే దాని ప్రాణం. సీసా పల్చటి ప్లాస్టిక్‌తో ఉండటం కూడా గాలి లోపలికి చొరబడటానికే. కాబట్టి దీన్ని గాజు సీసాలోకో ఇనుప డబ్బాలోకో మార్చకూడదు, రెండు సీసాలు కలిపి నిండుగా పోయకూడదు. మూతి లోహానికి ఆనించకూడదు. ఇనుప రజను లోపలికి పోతే సీసా అంతా గడ్డ కడుతుంది. కిందికి కారిన చుక్కను మళ్లీ సీసాలోకి ఎత్తి పోయడమూ అంతే ప్రమాదం.

ఊదా, నీలం, ఎరుపు

షాపులో ‘లాక్‌టైట్ ఒకటి ఇవ్వండి’ అని అడిగితే చేతికేది వస్తుందో చెప్పలేం. రకాలు ఉన్నాయి. ఊదా రంగుది, 222 నంబరు, చిన్న స్క్రూలకి. పట్టు తక్కువ, మామూలు స్క్రూడ్రైవర్‌తోనే విప్పుకోవచ్చు. నీలం రంగుది, 242 లేదా 243, సుమారు 6 నుంచి 20 మిల్లీమీటర్ల బోల్టులకి. పట్టు మధ్యస్తం, పానాతో కాస్త బలం పెడితే విడుతుంది. ఎరుపుది, 262, 271 లాంటివి, ఇక విప్పే అవసరం లేదనుకున్న చోటికి. ఆకుపచ్చది 290 ముందే బిగించి ఉన్న నట్టు మీద వేస్తే సందులోకి దానంతటదే పాకుతుంది. ఈ రంగులు అన్ని కంపెనీలకూ ఒకటే అనుకోవద్దు. రంగు కంటే సీసా మీది నంబరూ, పట్టు ఎంతో రాసిన మాటా చదవండి.

హాస్టల్ పనులకి నీలం రంగు ఒక్కటి కొనుక్కుంటే నూటికి తొంభై పనులు అయిపోతాయని మా అభిప్రాయం. ఎరుపు కొననే కొనకండి. అమలాపురంలో ఒక మెకానిక్కు బాబాయ్ దగ్గర ఈ మాట ఎత్తితే ఆయన ముఖం చిట్లించాడు. “ఆయ్, ఆ మందు సంగతి నాకు చెప్పకురా అబ్బాయ్! ఎవడో ఎర్రది పోసి బిగించిన బోల్టులు ఇప్పలేక తలలు తెంపేసుకున్నవి ఎన్ని చూశాననుకున్నావ్? తల తెగితే డబ్బులెవడిస్తాడు, నువ్విస్తావా?” అన్నాడు. ఆయన కోపంలో న్యాయం ఉంది. ఆ బోల్టులకి పోయవలసింది నీలం. పోసినవాడు ఎరుపు పోశాడు, విప్పినవాడు వేడి చేయకుండా విప్పాడు.

ఎరుపు పోసిన బోల్టును విప్పాలంటే దాన్ని సుమారు 250 డిగ్రీల దాకా వేడి చేయాలి. వేడి మీద ఉండగానే పానా పెట్టి తిప్పాలి, చల్లారితే మళ్లీ పట్టేస్తుంది. చిన్న స్క్రూ అయితే సోల్డరింగ్ ఐరన్ మొనను తల మీద కొన్ని నిమిషాలు ఆనిస్తే చాలు. పెద్దదానికి బ్లో ల్యాంపు కావాలి. పెట్రోలు ట్యాంకు, రబ్బరు, గ్రీజు దగ్గర ఆ పని పెట్టుకోకూడదు. పొగ పీల్చకూడదు.

చుక్క వేసే పద్ధతి

దీని గుణమంతా వేసే ముందు చేసే శుభ్రంలో ఉంది. మరల మీద నూనె, గ్రీజు, బురద ఉంటే ఎంత మంచి సరుకైనా జారిపోతుంది. మనవాళ్లు కిరసనాయిలుతో కడుగుతారు. మురికి పోతుంది గానీ కిరసనాయిలే సన్నటి జిడ్డు పొర వదిలిపెడుతుంది. కిరసనాయిలుతో కడిగాక సబ్బు నీళ్లతో మళ్లీ కడిగి ఎండలో ఆరబెట్టండి. ఎసిటోన్ దొరికితే అదే అన్నిటికన్నా మేలు, దగ్గర్లో మంట లేకుండా చూసుకోవాలి. పాత మందు ముక్కలు మరల్లో ఉంటే వైరు బ్రష్షుతో గీకేయాలి.

బోల్టు బయటికి వచ్చి దాని మీద నట్టు కూర్చునే రకమైతే, నట్టు చివరికి ఎక్కడ ఆగుతుందో చూసి సరిగ్గా ఆ మరల మీద చుక్క వేయాలి. బోల్టు కొసకి వేస్తే నట్టు దాటిపోయే దారిలో తుడుచుకుపోతుంది. అటువైపు తెరుచుకోని గుంటలోకి వెళ్లే స్క్రూ అయితే చుక్క గుంట అడుగున వేయాలి. స్క్రూకి వేస్తే లోపల ఇరుక్కున్న గాలి దాన్ని పైకి తోసేస్తుంది. చిన్న స్క్రూకి ఒక చుక్క, పది మిల్లీమీటర్ల బోల్టుకి రెండు మూడు. చెంచాలతో పోసే మందు కాదిది. 10 మిల్లీలీటర్ల సీసాలో సుమారు రెండు వందల చుక్కలు ఉంటాయి. ధర విని గుండె గుభేలుమన్నా, హాస్టల్ మొత్తానికి సంవత్సరం పైన వస్తుంది.

చుక్క వేశాక ఎప్పటిలాగే సరైన బిగువుకి బిగించాలి. చాలామంది మందు ఉంది కదా అని చేత్తో తిప్పి వదిలేస్తారు. ఈ మందు నట్టును తిరగకుండా ఆపుతుందే గానీ, రెండు ముక్కల్ని కలిపి నొక్కి పట్టేది బోల్టు బిగువే. పావుగంట ఇరవై నిమిషాల్లో పట్టు మొదలవుతుంది, పూర్తి బలం రావడానికి 24 గంటలు కావాలి. ఆ మధ్యలో ‘గట్టిపడిందా’ అని పానా పెట్టి కదిపి చూడటం మన అలవాటు. అలా కదిపితే అప్పుడే అల్లుకుంటున్న వల తెగిపోతుంది, మళ్లీ అతుక్కోదు. విప్పి, శుభ్రం చేసి, కొత్త చుక్కతో మొదటికి రావాలి. బయట కారిన మందు మాత్రం మర్నాటికీ తడిగానే ఉంటుంది. నకిలీ సరుకని తిట్టుకోకుండా గుడ్డతో తుడిచేయండి. చేతికి అంటితే సబ్బుతో కడుక్కోవాలి, కొందరి చర్మానికి ఇది పడదు. రోజూ ఈ పని చేసేవారు చేతి తొడుగులు వేసుకోవడం మంచిది.

అరిగిపోయిన మరలకు ఇది మందు కాదు. సందు మరీ ఎక్కువైతే నిండదు. అప్పుడు నట్టు మార్చడమో కొత్తగా మర కోయించడమో తప్ప దారి లేదు.

ఏరేటర్ బోల్టు కథ

మాలో చాలామంది ఇళ్లు చెరువుల మీద ఆధారపడ్డవే. రాజోలు వైపైనా, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపైనా పొలాలు రొయ్యల చెరువులైన చోట మనవాళ్లు చేసే పని కాపలా, మేత వేయడం, ఏరేటర్లు చూసుకోవడం. మా నాన్న కూడా చెరువు కాపలాదారే. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. చెరువు గట్టు మీద బల్బు వెలుతురులో చదివిన చదువది.

ఏరేటర్ అంటే నీటి మీద తేలే డబ్బాల మీద ఒక మోటారు, గేర్ బాక్సు, అడ్డంగా ఒక ఇరుసు, దానికి నీటిని చిమ్మే చక్రాలు. పగటిపూట నీటిలోని సూక్ష్మమైన పచ్చదనం ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అది కూడా ఆక్సిజన్ పీలుస్తుంది. తెల్లవారుజాముకి నీటిలో ఆక్సిజన్ అతి తక్కువకి పడిపోతుంది, అప్పుడే ఏరేటర్ తప్పనిసరిగా తిరగాలి. ఆ గంటల్లో ఇరుసు బిగించిన ఒక బోల్టు ఊడి నీళ్లలో పడిందనుకోండి. చక్రం ఆగుతుంది, తెల్లారేసరికి రొయ్యలు తలలు పైకెత్తి గట్టు వెంబడి తేలుతాయి. ఆసామికి పంట పోతుంది, కాపలావాడికి జీతంలో కోత పడుతుంది. ‘నిద్రపోయావు’ అనే మాట మిగులుతుంది. బోల్టు ఊడటానికి నిద్ర కారణం కాదని ఎవరికి చెప్పుకోవాలి? చక్రపు రేకలు నీటిని కొట్టే ప్రతి దెబ్బా ఆ బోల్టును పక్కకి ఊపుతుంది. యుంకర్ యంత్రం చేసిన పనే మన చెరువులో రాత్రంతా జరుగుతోంది.

ఇక్కడ నీలం రంగు మందు బాగా పనికొస్తుంది, ఉప్పునీరు మరల్లోకి దిగకుండా ఆపడం అదనపు లాభం. ఒక్క జాగ్రత్త. ఏరేటర్ బోల్టులు చాలావరకు స్టెయిన్‌లెస్ స్టీలువి. వాటి మీద క్రోమియం ఆక్సైడు పొర ఉంటుంది కాబట్టి మందును రేపే లోహపు అయాన్లు సరిగా అందవు, గట్టిపడటం బాగా ఆలస్యమవుతుంది. జింకు పూత ఉన్న బోల్టులకీ ఇదే ఇబ్బంది. అలాంటి చోట ముందుగా కొట్టే యాక్టివేటర్ ద్రావణం వాడాలి, లేదా 243 తీసుకోవాలి. స్టెయిన్‌లెస్ మీదా, కాస్త నూనె మిగిలిన మరల మీదా కూడా అది పట్టేలా తయారైంది. పంట తీసి చెరువు ఎండగట్టినప్పుడే బోల్టులన్నీ విప్పి, కడిగి, చుక్క వేసి, రెండు రోజులు వదిలేస్తే మంచిది. నీళ్లలో నిలబడి రాత్రి పూట చేసే పని కాదు. ఎప్పుడు చేసినా మెయిన్ ఆపి, ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాకే ఏరేటర్ మీద చెయ్యి వేయాలి.

మన హాస్టల్లో

ఫ్యాను రెక్కలను మోటారుకి పట్టి ఉంచే స్క్రూలకి నీలం చుక్క వేయండి, కటకట చాలావరకు తగ్గుతుంది. కానీ ఫ్యానును పైన వేలాడదీసే రాడ్డుకి రెండు కొసల్లో ఉన్న బోల్టుల విషయంలో మందును నమ్ముకోకూడదు. అక్కడ బోల్టుకి అడ్డంగా దూర్చి, కొసలు విరిచే స్ప్లిట్ పిన్ ఉంటుంది. నట్టు ఊడినా బోల్టు జారకుండా ఆపేది ఆ పిన్నే. పిన్ను పోయిన చోట మేకో తీగో దూర్చి సరిపెట్టడం మేము చాలా చోట్ల చూశాం. కింద మంచం వేసుకుని పడుకునేది మన తమ్ముళ్లే. వేసవి సెలవులయ్యాక గదులు తెరిచేటప్పుడు స్టూలు వేసి ప్రతి ఫ్యానుకీ ఆ రెండు పిన్నులూ ఉన్నాయో లేదో చూడమని వార్డెన్ గారిని అడగండి. లేకపోతే కొత్తవి వేయించండి, ఆ తర్వాతే ఫ్యాను వేయండి.

సైకిల్‌కి మడ్‌గార్డు కడ్డీలు, క్యారియర్, స్టాండు, గొలుసు కవరు స్క్రూలు దీనికి తగినవి. పెడల్‌కి అక్కర్లేదు. ఎడమ పెడల్‌కి మరలు తిరగేసి కోసి ఉంటాయి, తొక్కేకొద్దీ బిగుసుకునేలా చేసిన ఏర్పాటది. ఆ సంగతి తెలియక మామూలు వైపు తిప్పి విప్పబోయి మరలు నాశనం చేసేవాళ్లు ప్రతి హాస్టల్లో ఒకరుంటారు. చక్రం నట్లకీ వేయకండి, పంక్చరు పడితే వారానికోసారి విప్పేవి అవి. గొలుసు, బ్రేకు సర్దే మర, బేరింగుల దగ్గరికి సీసానే తీసుకెళ్లవద్దు.

కుట్టుమిషనుకి మోటారు బిగించే బోల్టులు సరే, సూదిని పట్టే స్క్రూ మాత్రం వద్దు. కళ్లజోడు చెవి పుల్ల స్క్రూకి ఊదా రంగుది సరిపోతుంది, సూది మొనతో అద్దినంత. అద్దం మీద పడకూడదు. ఇప్పటి అద్దాలు చాలావరకు ప్లాస్టిక్కువే, పాలీకార్బొనేట్, యాక్రిలిక్ లాంటి గట్టి ప్లాస్టిక్కులను ఈ మందు బీటలు వారేలా చేస్తుంది. ఊదా సీసా లేకపోతే పాత రేడియో మెకానిక్కుల చిట్కా ఉంది. స్క్రూ తల మీద ఒక బొట్టు నెయిల్ పాలిష్. అది గాలికి ఆరే సరుకే కాబట్టి పట్టు తక్కువ, కానీ కళ్లజోడుకి అంతకన్నా ఏం కావాలి? ఫెవిక్విక్ మాత్రం వేయకండి. ఆరేటప్పుడు వచ్చే ఆవిరి అద్దం మీద తెల్లటి మచ్చ కడుతుంది. పైగా అది పెళుసు, అదురుకి పగిలిపోతుంది. కొళాయికి చుట్టే టెఫ్లాన్ టేపును బోల్టుకి చుట్టేవారూ ఉన్నారు. అది నీరు కారకుండా ఆపేందుకు, అది జారుడు పదార్థం. నట్టును పట్టి ఉంచదు సరికదా, ఇంకా సులువుగా తిరగనిస్తుంది.

అసలు వాడకూడని చోట్లు

స్విచ్ బోర్డులో, ప్లగ్గులో వైరును నొక్కి పట్టే స్క్రూలకి ఎప్పటికీ వేయవద్దు. ఈ మందు కరెంటును అడ్డుకుంటుంది. స్క్రూకీ వైరుకీ మధ్య చేరితే అతుకు వేడెక్కి కాలిపోతుంది. అక్కడ శుభ్రం చేసి బిగించడమే పని. స్వచ్ఛమైన ఆక్సిజన్ ఉండే సిలిండర్ల అతుకులకి దీన్ని వాడకూడదని తయారీదారులే సీసా కాగితంలో రాస్తారు. గ్యాస్ కటింగ్ షాపుల్లో పనికి కుదిరిన మన అన్నలు ఇది గుర్తు పెట్టుకోవాలి. ఆసుపత్రిలో పనిచేసేవారు కూడా. బండి సైలెన్సర్ బోల్టులకి వేస్తే వృథా. మామూలు రకాలు 150 డిగ్రీలు, 243 అయితే 180 డిగ్రీల వరకే ఆగుతాయి. ప్లాస్టిక్ నట్టుకి ప్లాస్టిక్ బోల్టయితే లోహమే లేదు, ఎన్నాళ్లున్నా గట్టిపడదు.

చివరగా నిలవ సంగతి. సీసా మీద తయారైన తేదీ చూసి కొనండి, మామూలుగా రెండేళ్ల దాకా బాగుంటుంది. ఎండ తగలని చోట, మూత పెట్టి, నిలబెట్టి ఉంచాలి. పాత సీసా పనికొస్తుందో లేదో తెలియకపోతే ఒక పాత ఇనుప బోల్టు, దాని నట్టు తీసుకుని బాగా కడగండి. రెండు చుక్కలు వేసి, నట్టు బోల్టు మధ్యలోకి వచ్చేదాకా చేత్తో తిప్పి మర్నాటి వరకు పక్కన పెట్టండి. మర్నాడు వేళ్లతో తిరిగిందంటే సీసా పారేయవచ్చు. పానా పెడితేనే కదిలిందంటే, ఇంకా వాడుకోవచ్చు.